పళ్ళచెక్క పేరు

మా ఊళ్ళో ఎల్జియార్‌కి ఉన్న పరువంతా ఒక్క మాట మీద నిలబడి ఉండేది. ఆ మాట తప్పని ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆయనకి మాత్రం ఇరవై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నాడు, అదీ అసలు సంగతి.

ఆ మాట ‘క్విని’. యాష్ చెట్టు దుంగని బాది బాది పొరలు లేపుతాం కదా, ఆ పొరల్ని బుట్టలకి కావలసిన సన్నటి బద్దలుగా చీల్చే పనిముట్టు ఒకటుంది. అరచేతిలో ఇమిడే చెక్క, దాని చివర పాత గడియారం స్ప్రింగు ముక్కలు పళ్ళలాగా దిగగొట్టి ఉంటాయి. పొరని దాని మీద పెట్టి లాగితే బద్దలన్నీ ఒకే వెడల్పున వస్తాయి. ఇళ్ళల్లో అందరూ ఫ్రెంచిలో పళ్ళచెక్క అనే అనేవాళ్ళు. మన ఆదివాసుల భాష అబెనకీలో దాని పేరు క్విని అని లోకానికి చెప్పినవాడు ఎల్జియార్.

అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. ఎక్కణ్ణుంచో ఒక పండితుడు టేపు రికార్డరు మోసుకుంటూ వచ్చి మా భాష పోగుచేసుకుంటున్నాడు. ఎల్జియార్ నాయనమ్మ బతికుంటే వారం రోజులకి సరిపడా చెప్పేది, కానీ ఆవిడ ఆ వసంతంలోనే పోయింది. సరే, మనవణ్ణి కూర్చోబెట్టాడు. మనవడికి భాష ఎక్కడిది? నాయనమ్మ ఆ భాషలో తన చెల్లెలితో మాట్లాడేది, కుక్కతో మాట్లాడేది, పిల్లల్ని కసరడానికి వాడేది. పిల్లలతో మిగతా మాటలన్నీ ఫ్రెంచే. ఆ భాష మాట్లాడినందుకు బళ్ళో సిస్టర్ల చేత బెత్తం దెబ్బలు తిన్న మనిషి ఆవిడ, ఆ దెబ్బలు మనవడికి వద్దనుకుంది.

పండితుడు పళ్ళచెక్క పైకెత్తి, “దీన్ని మీవాళ్ళు ఏమంటారు?” అని అడిగాడు. నాకు తెలీదు అంటే పోయేది. కానీ బుట్టలల్లే ఇంట పుట్టి పళ్ళచెక్క పేరు తెలీదనడానికి కుర్రాడికి తల కొట్టేసినట్టనిపించింది. చిన్నప్పుడు దాని మీద చెయ్యి వేసినప్పుడల్లా నాయనమ్మ, పళ్ళ మధ్య బద్దలు కరిచిపట్టుకునే, ఒక మాట అరిచేది. ఆ మాటే దాని పేరనుకుంటూ పెరిగాడు. “క్విని,” అన్నాడు. పండితుడు గంతేసినంత పని చేశాడు. ‘క్వెని’ అంటే పొడుగు, పొడుగు బద్దలు తీస్తుంది గనక క్విని అయిందని అర్థం కూడా తనే కుట్టిపెట్టాడు. పుస్తకంలో వేశాడు. అక్కణ్ణుంచి నిఘంటువులోకి, నిఘంటువు నుంచి మ్యూజియం గోడ మీదికి ఎక్కింది. చదువుకున్నవాడు పప్పులో కాలేస్తే ఆ పప్పు పదిమందికీ వడ్డిస్తారు.

ఇరవై ఏళ్ళ కిందట ఒక చావు భోజనాల దగ్గర, పొయ్యి మీది గిన్నె అందుకోబోయిన పసివాణ్ణి ఒక ముసలావిడ “అక్వి ని!” అని గదిమింది. ఎల్జియార్ చేతిలో పళ్ళెం అక్కడే ఆగిపోయింది. అక్వి అంటే వద్దు. ని అంటే అది. అది వద్దు, ముట్టుకోకు. నోటి నిండా బద్దలు పెట్టుకుని ఆ మాటే అరిస్తే ముందరి అక్షరం గొంతులో పోయి క్విని మిగులుతుంది. నాయనమ్మ పనిముట్టు పేరు చెప్పలేదు, వేళ్ళు తెగుతాయిరా వెధవా అని కేకలేసింది. అప్పటికే ఊరంతా ఆయన్ని భాష తెలిసిన మనిషి అంటోంది. పెళ్ళిలో నాలుగు దీవెన మాటలు చెప్పాలన్నా, పుట్టిన బిడ్డకి పేరు చూడాలన్నా ఎల్జియార్‌నే పిలుస్తున్నారు. బట్టీపట్టిన నాలుగు వాక్యాలతో నెట్టుకొస్తున్నాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇరవై ఏళ్ళు మింగేశాడు.

ఇప్పుడు మ్యూజియంలో కొత్త గది తెరుస్తున్నారు. సెప్టెంబరు నెల, శనివారం. పిల్లలకి బుట్టల పని, భాష కలిపి నేర్పే గది. దాన్ని పట్టుబట్టి సాధించింది ఎల్జియార్ మనవరాలు అరియాన్. ఇరవై మూడేళ్ళ పిల్ల, మ్యూజియంలోనే ఉద్యోగం. గుమ్మం మీద ఎర్ర అక్షరాలతో పేరు తనే రాసింది: క్విని గది. “నీ మాటే తాతా,” అని ఫోనులో చెప్పింది. ఆయన చాలా బాగుందమ్మా అన్నాడు. ఫోను పెట్టేశాక అన్నం సయించలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది అరియాన్. అసలు సంగతి అదే. ఫిలోమెన్ జేజమ్మ వస్తోందట. తల్లి ఒళ్ళో కూర్చుని ఈ భాష నేర్చుకున్నవాళ్ళలో ఊరికి మిగిలింది ఆమె ఒక్కతే. మూడేళ్ళుగా అరియాన్ వృద్ధాశ్రమం చుట్టూ తిరిగి బతిమాలితే, భోజనాలయ్యాక రికార్డరు ముందు కూర్చుంటానని ఇప్పటికి ఒప్పుకుంది. వారానికొకసారి, ఓపిక ఉన్నన్నాళ్ళు. ఆమె పోయిందంటే ఆ నోట్లో ఉన్నదంతా ఆమెతోనే మట్టిలోకి పోతుంది. ఆ ముక్క అరియాన్‌కి తెలుసు, ఎల్జియార్‌కీ తెలుసు.

పదిన్నరకి వ్యాను వచ్చింది. ఫిలోమెన్ చక్రాల కుర్చీ వద్దని కసిరి కర్ర పట్టుకుని తనే దిగింది. తొంభై మూడేళ్ళు, ఎల్జియార్‌కి మేనత్త వరస.

“ఒరే ఎల్జియార్, ఏమిట్రా ఆ పొట్ట? లోపల ఇంకెవర్నైనా దాచి తెచ్చావా?”

“పులుసంతా నువ్వే తాగేస్తావని ఇంటి దగ్గరే నింపుకొచ్చానత్తా.”

“పొట్ట నిండితే నిండింది గానీ నోటికి మాత్రం తీరిక లేదు నీకు. పట్టుకో నన్ను.”

మ్యూజియం ఉన్న ఇల్లు ఒకప్పుడు బుట్టల వ్యాపారి కొట్టు. గుమ్మంలో అడుగు పెడుతూనే ఫిలోమెన్ ఆగి నలువైపులా చూసింది. గోడవారగా అద్దాల పెట్టెలో సువాసన గడ్డి జడలు పెట్టి అల్లిన బుట్ట ఒకటుంది. దాని ముందుకెళ్ళి ముక్కు అద్దానికి ఆనించింది.

“ఇది నాదేరా! వంకరగా ఉందని సరిగ్గా ఇక్కడే నేలకేసి కొట్టాడు ఆ వ్యాపారి మహానుభావుడు. ఇప్పుడు చూడు, అదే వంకర బుట్టకి దీపం పెట్టారు, చెయ్యి తగిలితే గంట మోగుతుందట!” పక్కనున్న అరియాన్ వీపు మీద ఒక్కటి చరిచింది. “నన్ను కూడా ఇందులో పెట్టండే. నేనూ వంకరే.”

అందరూ నవ్వారు. ఎల్జియార్ కూడా నవ్వాడు గానీ ఆయన చూపంతా కొత్త గది గుమ్మం మీదే ఉంది. ఆ అక్షరాలు అత్తకి ఆనకపోతే బాగుండు అనుకున్నాడు. అత్తకి కంటిచూపు తక్కువే. చెవులు మాత్రం పిల్లి చెవులు.

గదిలో పదిమంది పిల్లలు నేల మీద కూర్చున్నారు. వెనక తల్లిదండ్రులు, ఊరి పెద్దలు ఓ ముప్ఫై మంది. ఎల్జియార్‌కి ముందు వరసలో కుర్చీ వేశారు, పక్కన ఫిలోమెన్‌కి. అరియాన్ పళ్ళచెక్క తీసి పైకెత్తింది.

“పిల్లలూ, దీని పేరేంటి?”

“క్విని!” అని పదిమందీ ఒక్కసారే అరిచారు.

ఫిలోమెన్ ఉలిక్కిపడి, తర్వాత పకపకా నవ్వింది. “ఏమిటే, పేరు అడిగితే వద్దంటారేమిటే ఈ పిల్లలు?”

“వద్దనడం కాదు జేజమ్మా, అది దీని పేరు. క్విని.”

“పేరేమిటే నీ మొహం! అక్వి ని. ముట్టుకోకు అని. మా అమ్మ నన్ను రోజుకి నలభైసార్లు అనేది.” ఇంకా నవ్వుతూనే ఉంది. “పనిముట్టుకి ముట్టుకోకు అని పేరెవడు పెట్టాడే? ఇంక పనెలా చేస్తారు?”

గదిలో ఎవరూ నవ్వలేదు. అరియాన్ మొహం పాలిపోయింది. గుమ్మం వైపు చూసింది, పెద్దల వైపు చూసింది, చివరికి తాత వైపు చూసింది. “తాతా? ఇది నువ్వు చెప్పిందేగా?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎల్జియార్ అప్పటికే చొక్కా కాలరు సవరించుకుంటున్నాడు. ముప్ఫై జతల కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. చెప్పదలచుకుంటే అదే అదను. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“అత్తకి తొంభై మూడు దాటాయి కదమ్మా. మాటలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతుంటాయి, ఆ వయసుకి మామూలే.” ఆమె మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా తట్టాడు, జ్వరం వచ్చిన బిడ్డని తట్టినట్టు. “పళ్ళచెక్క పట్టుకున్నప్పుడల్లా మా నాయనమ్మ క్విని అనే అనేదత్తా. నా చెవులతో విన్నాను.”

చూశారా, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నాయనమ్మ అన్న మాట నిజమే, విన్న మాటా నిజమే. అంత శుభ్రమైన మోసం ఆయన జన్మలో చెయ్యలేదు.

ఫిలోమెన్ నవ్వు ఆగిపోయింది. “మీ నాయనమ్మ అందా?”

“అంది.”

“ఆవిడ నాకంటే పెద్దది,” అంది ఫిలోమెన్, తనలో తనే తేల్చుకుంటున్నట్టు. “ఆవిడకి తెలియకపోవడమేమిటి. అయితే నేనే మరిచిపోయి ఉంటాను.” పిల్లల వైపు తిరిగి, “మీరే కరెక్టమ్మా. ముసలిదాన్ని, పట్టించుకోకండి,” అంది.

పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, పిల్లలు పాట అందుకున్నారు. ఎల్జియార్ కూడా చప్పట్లు కొట్టాడు. ఛీ, ఇదేం పని చేశాను అనుకున్నాడు. అనుకుని ఏం లాభం?

భోజనాలు వెనక వరండాలో పెట్టారు. మొక్కజొన్న పులుసు, వేయించిన రొట్టె, నదిలో పట్టిన చేప. ఫిలోమెన్ ముందు పులుసు చల్లారిపోతోంది. చెంచా ఎత్తి చాలాసేపు చూసి, ఎల్జియార్ వైపు వంగి గుసగుసగా అడిగింది.

“ఒరేయ్, దీన్ని అంక్వన్ అనే కదా అనేది?”

“అవునత్తా.”

“నిజం చెప్పు. నా మొహం చూసి అనడం కాదు.”

“అదేనత్తా. ఒట్టు.”

చెంచా దింపింది. నది వైపు చూసి ఏదో అంది, మళ్ళీ తల అడ్డంగా ఊపుకుంది, ఇంకోలా అంది. పొయ్యి వైపు చూసి ఇంకో మాట. ఒక్కో వస్తువునీ చూడడం, పెదవులు కదపడం, ఆగిపోవడం. పప్పు ఏరేటప్పుడు రాళ్ళ కోసం వెతికినట్టు తన నోట్లో తనే వెతుక్కుంటోంది.

“మా చెల్లెలు పోయి పన్నెండేళ్ళు,” అంది ఫిలోమెన్. “అప్పటినుంచీ ఆ గదిలో ఒక్కదాన్నే మాట్లాడుకుంటున్నాను. కిటికీతో, దుప్పటితో. నేను సరిగ్గానే మాట్లాడుతున్నాను అనుకున్నాన్రా. తప్పు మాట్లాడితే దిద్దేవాళ్ళు ఎవరున్నారు? ఎన్నాళ్ళనుంచి తప్పులు మాట్లాడుతున్నానో ఏమో.”

“లేదత్తా, నువ్వు…”

“నువ్వు ఊరుకో. మంచివాడివి కాబట్టి అందరిముందూ మెత్తగా చెప్పావు.”

మంచివాడట! ఆ మాట చెంపదెబ్బలా తగిలింది ఆయనకి. సిగ్గు మనిషిని బాగుచేస్తుందని ఎవరన్నారో గానీ, చాలాసార్లు అది మనిషి నోట్లో గుడ్డలు కుక్కి కూర్చోబెడుతుంది.

అంతలో అరియాన్ రికార్డరు తెచ్చి బల్ల మీద పెట్టింది. “జేజమ్మా, సిద్ధమా?”

ఫిలోమెన్ ఆ యంత్రాన్ని చేత్తో అవతలికి తోసింది. “వద్దమ్మా. నాకు బండి పిలువు, పోతాను.”

“అదేంటి? మాటిచ్చావుగా!”

“అప్పుడు నా బుర్ర బాగుందనుకుని ఇచ్చాను. నావన్నీ పాచిపోయిన మాటలే. పాచిపోయినవి పిల్లలకి పెట్టకూడదు, కడుపు నొప్పులొస్తాయి. అదిగో మీ తాతున్నాడుగా, మతి స్థిమితంగా ఉన్నవాడు. ఆయన్నడుగు.”

“జేజమ్మా, ఒక్క మాట తప్పయితే ఏమైంది…”

“ఒకటని నీకెలా తెలుసు?” అంది ఫిలోమెన్. “నాకే తెలీదే, నీకెలా తెలుసు?”

ఎల్జియార్ లేచి మెట్ల మీదికి వచ్చేశాడు. నడిచి ఇంటికి పోదామా అనిపించింది. పోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అత్త ఆశ్రమానికి పోతుంది, ఇంక ఆ కిటికీతో కూడా మాట్లాడదు. క్విని గదికి క్విని గదనే పేరు ఉంటుంది. ఆయన పోయాక శవపేటిక ముందు ఎవరో ఒకరు నిలబడి భాషని కాపాడిన మనిషి అని చెబుతారు. అది తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

వెనకాలే అరియాన్ వచ్చింది. కళ్ళు తుడుచుకుని ఉంది గానీ ముక్కు ఎర్రగా ఉంది. “మూడేళ్ళు తాతా. మూడేళ్ళు తిరిగాను. ఇవాళ దగ్గరికొచ్చి పోయింది.” ముక్కు చీదింది. “సరే, పోనీలే. నువ్వున్నావు కదా. నువ్వు కూర్చో. నీకు గుర్తున్నదంతా చెప్పు.” అంటూనే పొడుగు తీగ ఉన్న చిన్న మైకు తీసి ఆయన చొక్కాకి పిన్ను పెట్టింది. కాలరు సర్ది, గుండీ సరిచేసింది. చిన్నప్పుడు చర్చికి తీసుకెళ్ళేటప్పుడు ఈ పిల్ల గుండీలు ఆయన పెట్టేవాడు.

ఎల్జియార్ మైకు వైపు చూసుకున్నాడు. చెప్పడానికి ఏముంది ఆయన దగ్గర? నాలుగు దీవెనలు, కొన్ని వంటింటి పేర్లు, ఒక తిట్టు. ఆ పిల్ల ముందు అరగంటలో సరుకంతా అయిపోతుంది. అయిపోతే పోయింది, దానికి భయపడలేదు. లోపల ముసలిది ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని పెదవులు కదుపుకుంటోంది. అది మాత్రం ఇక చూడలేకపోయాడు.

గిరుక్కున తిరిగి వరండాలోకి వెళ్ళాడు. వెనక అరియాన్ “తాతా, తీగ, తీగ!” అంటూ పరిగెత్తింది. ఫిలోమెన్ ఎదుట నిలబడ్డాడు. చుట్టూ పళ్ళేలు తీస్తున్నవాళ్ళు, కాఫీ తాగుతున్నవాళ్ళు, పెద్దలు, పిల్లలు అందరూ ఉన్నారు.

“అత్తా, నువ్వేమీ మరిచిపోలేదు. క్విని అని ఏ వస్తువుకీ పేరు లేదు. నాయనమ్మ నన్ను ముట్టుకోకు అంది, నేను దాని పేరనుకుని టేపులో చెప్పాను. తప్పని తెలిసి ఇరవై ఏళ్ళయింది. నాకు భాష రాదత్తా. ఎప్పుడూ రాలేదు.”

పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. ఫిలోమెన్ కళ్ళు చికిలించి ఆయన్ని పైకీ కిందికీ చూసింది.

“ఇరవై ఏళ్ళ సంగతి ఇరవై ఏళ్ళది. ఇందాక, ఆ గదిలో? అప్పుడు నీకు తెలుసు.”

“తెలుసు.”

“తెలిసే నా మోకాలు తట్టావు.”

“సిగ్గేసిందత్తా.”

“నీకు సిగ్గేసిందని నాకు మతి పోయిందన్నావా!” కర్ర నేలకేసి కొట్టింది. “భోజనమంతా ఒక్కో మాటా తీసి చూసుకున్నాన్రా, ఏది నాది, ఏది కాదు అని. మా అమ్మని పిలిచిన పిలుపు కూడా సరైందో కాదో అని అనుమానం వచ్చింది. మా అమ్మని!” ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎల్జియార్ తల ఎత్తలేకపోయాడు. భూమి చీలినా బాగుండునన్నంత సిగ్గు. చీలలేదు. కాళ్ళ కింద చెక్క వరండా, ఎదురుగా అత్త, అంతే.

అరియాన్ తాతని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. బల్ల దగ్గర కూర్చుని తీగ రికార్డరుకి తగిలించి, మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

“మళ్ళీ చెప్పు,” అంది. తాతా అనలేదు. “ఇందాకటిది రికార్డు కాలేదు. నీ పేరు చెప్పి, తేదీ చెప్పి, మొత్తం చెప్పు. నీ పాత టేపు పక్కన ఇది ఉండాలి.”

ఎల్జియార్ కూర్చున్నాడు. పేరు చెప్పాడు, తేదీ చెప్పాడు. “నాకు…” అని ఫ్రెంచిలో మొదలుపెట్టాడో లేదో ఫిలోమెన్ కర్రతో ఆయన మోకాలి మీద ఒక్కటి వేసింది.

“ఆగు. నువ్వు అబద్ధం చెప్పింది మన భాషలో. నిజం కూడా అందులోనే ఏడు.”

“నాకు రాదుగా అత్తా.”

“ఆ ముక్కే చెప్పు. నాకు రాదని చెప్పు.”

ఎల్జియార్ నోరు తెరిచాడు. బట్టీపట్టిన నాలుగు దీవెనల్లో ఆ మాట లేదు. నాయనమ్మ కసుర్లలోనూ లేదు. మెడ దాకా ఎర్రబడి, “రాదని చెప్పడం కూడా రాదు,” అన్నాడు.

ఫిలోమెన్ నిట్టూర్చి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆయన చొక్కాకున్న మైకు మీదికి వంగి, పసివాడికి చెప్పినట్టు కాదు, అప్పు తీర్చని వాడికి చెప్పినట్టూ కాదు, మామూలుగా, తన చెల్లెలితో మాట్లాడినట్టు, ఆ మాట చెప్పింది. ఎల్జియార్ అన్నాడు. తప్పు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ అన్నాడు. మధ్యలో ముక్క మింగేస్తున్నాడని ఆయన దవడ పట్టుకుని తిప్పింది. మూడోసారి చెప్పింది, ఈసారి ఆమె గొంతులో తడబాటు లేదు. ఆయన మళ్ళీ అన్నాడు.

“సరిగ్గా వచ్చింది,” అంది ఫిలోమెన్, అరియాన్ వైపు చూసి. “రాసుకో. తర్వాత నది సంగతి చెబుతాను. ముందు వీడి చేత ఇంకోసారి అనిపించు.”

ఎల్జియార్ ఇంకోసారి అన్నాడు.